తుంటిముక్క

మైదాపిండి జిగురు వేడిగా ఉన్నప్పుడే కిటికీకి పట్టించాలి. చల్లారితే ఉండలు కడుతుంది, అంటించిన కాగితం తెల్లారేసరికి ఊడి కింద పడుతుంది. సోనున్ ముక్కాలిపీట మీద నిలబడి, గిన్నెని ఎడమచేతి వంపులో ఇరికించుకుని, పాత వార్తాపత్రిక పేలికకి రెండు వేళ్ళతో జిగురు పూస్తోంది. దూది కూరిన సందు మీద పేలిక పెట్టి, బొటనవేలితో పైనుంచి కిందికి ఒక్క లాగు లాగుతోంది. ఏ కిటికీకి ఏ మూలనుంచి గాలి దూరుతుందో ఆమెకి తెలుసు. ఈ ఇంటి కిటికీలు ఆకులు రాలే రోజుల్లో మూయడం, మంచు కరిగాక కాగితాలు చించి తెరవడం, ఏడేళ్ళుగా ఆమె పనే.

రెండు కిటికీలు అయ్యాయి. మూడోది సగంలో ఉండగా తోడికోడలు అనార్‌కుల్ వచ్చి వెనకాల నిలబడింది.

"దిగు దిగు. నువ్వెందుకే ఇంత కష్టపడటం?"

"అయిపోవచ్చిందక్కా."

"అయిపోకపోతే నేను చెయ్యలేనా? నా చేతులేమన్నా పడిపోయినయ్యా? ఇట్టా తే ఆ గిన్నె. పోయి పైన కూర్చో. టీ పోస్తాను."

గిన్నె ఇచ్చేదాకా చెయ్యి చాపే ఉంచింది. సోనున్ ఇచ్చింది. పీట దిగి, జిగురు వేళ్ళు లంగాకి తుడుచుకుంది.

పైన కూర్చోవడమంటే గుమ్మానికి ఎదురుగా, దొంతిపెట్టిన పరుపుల ముందు, ఇంట్లోకెల్లా మెత్తటి బొంత మీద కూర్చోవడం. మా వైపు అక్కడ పెద్దవాళ్ళు కూర్చుంటారు, అతిథులు కూర్చుంటారు. కోడలి చోటు గుమ్మం పక్కన, టీ కాచే సమోవార్ దగ్గర. ఒక మోకాలు మడిచి, ఒక మోకాలు నిలబెట్టి, ఎవరి గిన్నె ఖాళీ అయితే వాళ్ళ గిన్నె అందుకోవడానికి వీలుగా. ఏడేళ్ళు సోనున్ అక్కడే కూర్చుంది. మూడు రోజుల కిందట పట్నం నుంచి లారీ వచ్చి, బావగారు సాతిబాల్ది, ఆయన భార్య, వాళ్ళ అల్మారా, వాళ్ళ టీవీ దిగినప్పటి నుంచి ఆ చోట అనార్‌కుల్ కూర్చుంటోంది. సోనున్‌ని చెయ్యిపట్టి తీసుకెళ్ళి పైన కూర్చోబెడుతోంది.

తిడితే తిరిగి తిట్టవచ్చు. చెయ్యి చేసుకుంటే ఊరందరినీ పిలవవచ్చు. మర్యాద చేస్తుంటే ఏం చెయ్యాలి? ఎవరితో చెప్పుకోవాలి, నన్ను మెత్తటి చోట కూర్చోబెడుతున్నారని? అందులోనే ఉంది అనార్‌కుల్ తెలివంతా.

పొయ్యి పక్కన వాచిన కాళ్ళు చాపుకుని అత్తగారు బురుల్‌కాన్ కూర్చుని ఉంది. ఎండు పెరుగుండ ఒకటి బుగ్గన పెట్టుకుని చప్పరిస్తోంది. పెద్దకొడుకు వచ్చిన దగ్గరనుంచి ఆమె నోట్లోంచి మాట రావడం తగ్గింది. సోనున్ వచ్చి పక్కన కూర్చుంటే తల తిప్పి చూసింది, మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది.

"ఇదిగో, తీసుకోమ్మా," అని అనార్‌కుల్ రెండు చేతులా టీ గిన్నె అందించింది.

తనకన్నా పదిహేనేళ్ళు పెద్దది రెండు చేతులతో టీ ఇస్తోంది. సోనున్‌కి తాగబుద్ధి కాలేదు, గిన్నె పక్కన పెట్టింది. మూడో కిటికీలో కింది మూల సందుకి దూది కూరకుండానే అనార్‌కుల్ కాగితం అంటించేసిందని కూర్చున్న చోటునుంచే కనిపిస్తోంది. చెప్పాలనుకుంది. అతిథులు ఇంటివాళ్ళ పనికి వంకలు పెట్టరు కదా అని తనకి తనే ఎకసెక్కంగా అనుకుని ఊరుకుంది.

మా ఊళ్ళలో తండ్రి ఇల్లు చిన్నకొడుకుది. పెద్దవాళ్ళకి పెళ్ళిళ్ళు కాగానే వాటా పంచి వేరు పెడతారు, పొయ్యి మాత్రం చిన్నవాడి దగ్గర ఉంటుంది, తల్లిదండ్రులు ఆ పొయ్యి దగ్గర ఉంటారు. ఈ ఇంటి చిన్నకొడుకు ఎసెన్. రెండేళ్ళ కిందట గుర్రాల కోసం కొండెక్కి మంచుపెళ్ళ విరిగిపడి చనిపోయాడు. సోనున్‌కి పిల్లల్లేరు. మామగారు ఎసెన్ కన్నా ముందే పోయాడు. అప్పటినుంచి ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు, రెండు చలికాలాలు గడిపారు. ఇల్లెవరిది అన్న మాట వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు, రావలసిన అవసరం పడలేదు.

మర్నాడు సోనున్ అందరికన్నా ముందు లేచింది. పొయ్యి గొట్టంలో ఏడాది మసి పేరుకుని ఉంది. అది దులిపి, పొయ్యికి సున్నం కొట్టి, మంచి రోజు చూసుకుని చలికాలపు నిప్పు రాజెయ్యాలి. అప్పుడుగాని వేసవి వంటపాక మూసేసి వంట లోపలికి మార్చరు. ఆ ఒక్క రోజు సోనున్‌కి చాలా ఇష్టం. సున్నం ఆరుతుంటే వచ్చే పచ్చివాసన, మొదటి మంటకి ఇటుకలు వేడెక్కి గదంతా వెచ్చబడటం, అత్తగారు కాళ్ళు అటు చాపుకుని "అబ్బ, ఇప్పుడు బతికాం" అనడం. సంవత్సరమంతా చేసిన చాకిరీకి ఇదే ఫలం అనిపించేది.

లేచి చూస్తే అనార్‌కుల్ అప్పటికే పొయ్యి ముందు బోర్లా పడుకుని మసి లాగుతోంది. మొహమంతా నల్లగా ఉంది.

"అక్కా, పై మూత తియ్యకుండా కింద లాగితే రాదు. పైకప్పు ఎక్కి ఇనపగుండు తాడుకి కట్టి వదలాలి. నేనెక్కుతా."

"నువ్వా? పైకప్పా? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారే, వెళ్ళబోయే పిల్లని మిద్దెలెక్కిస్తున్నామని."

బయటికి అడుగు వేసిన సోనున్ వెనక్కి తిరిగింది.

"వెళ్ళబోవడమేంది? ఎక్కడికి?"

"మీ బావగారు చెప్తారులే," అని అనార్‌కుల్ మళ్ళీ పొయ్యిలోకి చెయ్యి దూర్చింది.

తనే సున్నం కొట్టి, తడి ఆరకముందే నిప్పు పెట్టింది. ఇంకేముంది, గొట్టం మొయ్యలేని పొగంతా గదిలోకి వచ్చిపడింది. బురుల్‌కాన్ దగ్గుతూ తలగుడ్డ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. సాతిబాల్ది పరుపు మీద లేచి కూర్చుని "చంపుతావా ఏంది!" అని కేకేశాడు. అనార్‌కుల్ పళ్ళెంతో విసురుతోంది, పొయ్యి తలుపు మూస్తోంది, తెరుస్తోంది. గొట్టంలో అడ్డురేకు సగం మూసి ఉందనీ, దాన్ని ఎడమవైపు కాదు కుడివైపు తిప్పాలనీ సోనున్‌కి తెలుసు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. పైన, తన మెత్తటి బొంత మీద, కళ్ళనీళ్ళు కారుతుంటే కదలకుండా కూర్చుంది. ఇంట్లో అందరూ దగ్గుతుంటే ఆమెకి సంతోషంగా ఉంది. ఇంత పాడు బుద్ధి తనలో ఉందా అని ఆశ్చర్యపోయింది గాని చెయ్యి మాత్రం చాపలేదు.

చివరికి బురుల్‌కానే చేతికర్రతో రేకుని కుడివైపుకి తోసింది. పొగ తగ్గింది.

టీ దగ్గర సాతిబాల్ది చెప్పాడు. తమ్ముడి భార్య మొహం వంక సూటిగా చూడటం మర్యాద కాదు కాబట్టి రొట్టెతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"మీ అన్న జుమాబెక్‌కి ఫోన్ చేశాను. శుక్రవారం కారు తీసుకొస్తానన్నాడు. ఎన్నాళ్ళయింది నువ్వు పుట్టింటికెళ్ళి! పైన కనుమలో మంచు మొదలైందంటున్నారు. దారి మూసుకుపోకముందే ఒకసారి చూసిరా."

"చూసిరావడమంటే, బావగారూ, శుక్రవారం వెళ్తే దారి మూసేలోపు తిరిగి రాలేను కదా."

"రాలేకపోతే వసంతంలో రా. తొందరేముంది?"

"అత్తయ్యని ఎవరు చూస్తారు?"

"నేను లేనా?" అంది అనార్‌కుల్. టీ గిన్నె అందిస్తూ, తియ్యగా నవ్వుతూ. "చలికాలంలో ఈ ఒక్క గదే కదా వేడి. మిగిలిన గదులు మూసెయ్యాలి. మీ బావగారు, నేను, అత్తయ్య, నువ్వు, అందరం ఈ నాలుగు గోడల మధ్య. నువ్వు చిన్నదానివి. మగతోడు లేనిదానివి. బావగారి ఎదుట తలగుడ్డ తియ్యలేవు, కాళ్ళు చాపలేవు. ఆర్నెల్లు ఎట్టా ఉంటావే? నీ ఇబ్బంది చూసే కదా చెప్పేది."

సోనున్ అత్తగారి వైపు చూసింది. బురుల్‌కాన్ రొట్టె ముక్క టీలో నానబెడుతోంది. అది నాని విరిగి గిన్నెలో పడిపోయినా ఆమె వేళ్ళు అక్కడే ఉన్నాయి.

"అత్తయ్యా, నువ్వేమంటావు?"

బురుల్‌కాన్ ఆ ముక్కని వేలితో గిన్నెలోంచి తీసింది. పెద్దకొడుకు ఆమెకి ఇరవయ్యేళ్ళ తర్వాత ఇంటికొచ్చాడు. కొడుకు ఇంట్లో ఉంటే ఏ తల్లి అయినా మెత్తబడుతుంది. ఆ మెత్తదనమే సోనున్‌కి ఇప్పుడు రాయిలా తగిలింది.

"ఉన్ని మేజోళ్ళు తీసుకెళ్ళు. మీ ఊళ్ళో గాలెక్కువ," అంది ముసలామె.

గురువారం పొద్దున గొర్రెని కోశారు. పెద్దకొడుకు ఇల్లు చేరినందుకు ఇరుగుపొరుగుని పిలిచి మాంసం పెట్టాలి. పనిలో పని, వెళ్ళే పిల్లని కూడా మర్యాదగా సాగనంపవచ్చు. సాతిబాల్దికి పట్నంలో ఇరవయ్యేళ్ళున్నా చెయ్యి మర్చిపోలేదు. గొడ్డలి ముట్టుకోకుండా, కత్తి మొనతో కీళ్ళు వెతుక్కుని, ఒక్క ఎముక విరగకుండా గొర్రెని పన్నెండు ముక్కలుగా విడదీశాడు.

పేగులు కడగడం కోడళ్ళ పని. సోనున్ చేతులు పైకి మడుచుకుని, చన్నీళ్ళ బకెట్ తీసుకుని వెళ్ళేసరికి అక్కడ పక్కింటి తుర్దుబాయ్ తాత మనవడి పెళ్ళాం మీరిమ్ కూర్చుని ఉంది. పేగు తిరగేసి నీళ్ళు పోస్తోంది. సోనున్‌ని చూసి సిగ్గుపడి తల దించుకుంది.

"అనార్‌కుల్ అత్త పిలిచిందక్కా. నువ్వు ప్రయాణంలో ఉన్నావంటగా."

ఇంటి కోడలు చేతులు ఖాళీగా ఉండగా పేగులు కడగడానికి పక్కింటి కోడలిని పిలిచారంటే ఊరికి ఇంకేం చాటించక్కర్లేదు. సాయంత్రానికల్లా ప్రతి ఇంట్లోనూ తెలిసిపోతుంది. సోనున్ బకెట్ అక్కడే పెట్టేసి దొడ్డివైపు నడిచింది.

దొడ్డిగోడ వెంబడి పిడకలు ఎండుతున్నాయి. గొర్రెలు ఏడాదంతా తొక్కి గట్టిపరిచిన పెంటని వేసవిలో పారతో ఇటుకల్లా కోసి, రెండేసి చొప్పున తలలు ఆనించి నిలబెట్టింది ఆమే. ఇప్పుడు వాటిని పాకలోకి చేర్చి పేర్చాలి. కింద పెద్దవి, పైన చిన్నవి, గాలి ఆడటానికి మధ్యలో సందులు. ఎవరూ చెప్పకుండానే మోయడం మొదలుపెట్టింది. ఒక్కో మోపుకి ఎనిమిది. పిడక అంచులు ముంజేతులకి గీరుకుంటుంటే నొప్పి హాయిగా ఉంది. నాలుగు వరసలు లేచాయి.

"ఇక్కడున్నావా!" అనార్‌కుల్ పాక గుమ్మంలో నిలబడింది. "చెప్తే వినవు కదా. ఊళ్ళోవాళ్ళు నన్ననుకోవాలనేనా ఇదంతా?"

"ఇది నేను కోసిన పిడకక్కా. నేను పేర్చుకుంటా."

"పేర్చి? ఎవరు కాల్చుకోవడానికి?"

మర్యాద ముసుగు అప్పుడు జారిపోయింది. సోనున్ చేతుల్లో ఉన్న ఎనిమిది పిడకలూ కింద పెట్టి నడుం నిలబెట్టింది.

"వెళ్ళనంటే ఏం చేస్తావు?"

"ఎవరు వెళ్ళగొట్టారే నిన్ను? పుట్టింటికి పోయిరా అంటే వెళ్ళగొట్టడమా?"

"ఒక్కమాట సూటిగా అనక్కా. ఒక్కసారి. 'ఇది మా ఇల్లు, నువ్వు పో' అను. వింటాను."

"అనను. నా నోటితో అనిపించి, రేపు ఊరంతా చెప్పుకు తిరుగుదామనా? నేనంత తెలివితక్కువదాన్ని కాను." అనార్‌కుల్ గొంతు తగ్గించింది. కళ్ళు మాత్రం తగ్గలేదు. "నీకు ముప్ఫై రెండు. మొహం బాగుంటది. పుట్టిల్లుంది, అన్న ఉన్నాడు, రేపు ఇంకొకడు వచ్చి చేసుకుంటాడు. నాకేముంది? బజార్లో కొట్టు కాలిపోయింది, అద్దెకొంప వదిలేశాం, ఆడపిల్లలిద్దర్నీ మా చెల్లెలింట్లో ఒకళ్ళ పంచన పెట్టి వచ్చాను. యాభై ఏళ్ళకి దగ్గరపడి ఒక్క మంచం వేసుకునే చోటు లేదు నాకీ భూమ్మీద. నువ్వు చెప్పు, ఇద్దర్లో ఎవరికి కావాలి ఈ పొయ్యి?"

"నాకు కావాలి," అంది సోనున్.

"నీ మొగుడు ఉంటే అడుగు."

ఆ మాట అనేశాక అనార్‌కుల్ కూడా ఒక్క క్షణం తడబడింది. కాని వెనక్కి తీసుకోలేదు. సోనున్ వంగి పిడకలు ఎత్తుకుంది. ఐదో వరస మొదలుపెట్టింది. అనార్‌కుల్ చూస్తూ నిలబడి, ఇంకేం చెయ్యాలో తెలియక, తనూ ఒక మోపు ఎత్తుకొచ్చి పక్కన పెట్టింది. సోనున్ ఆ మోపుని ముట్టుకోలేదు. దాన్ని వదిలేసి తను తెచ్చినవే పేర్చుకుంటూ పోయింది.

శుక్రవారం మధ్యాహ్నానికి జుమాబెక్ కారు వచ్చి వాకిట్లో ఆగింది. ఆకాశం బూడిదరంగుకి తిరిగింది. అనార్‌కుల్ పొద్దున్నే సోనున్ బట్టలు తనే మడతపెట్టి మూట కట్టింది, సాతిబాల్ది మూట తీసుకెళ్ళి కారు వెనక పెట్టాడు. ఇంత మంచి చుట్టాలు ఎవరికుంటారు?

గదిలో భోజనాల గుడ్డ పరిచారు. నూనెలో వేయించిన రొట్టె ముక్కలు, వెన్న, ఎండు ద్రాక్ష, ముళ్ళపొదల నారింజరంగు పండ్లతో చేసిన జాము. ఆ జాము సోనున్ మొన్న పదిహేను రోజుల కిందట ఏటిగట్టున చేతులు చీరుకుపోగా కోసుకొచ్చి వండిందే. తుర్దుబాయ్ తాత పైన కూర్చున్నాడు, ఆయన పక్కన జుమాబెక్, ఇంకా ఇద్దరు ఇరుగుపొరుగు మగవాళ్ళు. ఇటువైపు తాత భార్య కాలిమాన్ అవ్వ, బురుల్‌కాన్, వాళ్ళిద్దరి మధ్య సోనున్. భుజాల మీద అనార్‌కుల్ కప్పిన కొత్త శాలువా. మడతల గీతలు ఇంకా పోలేదు.

మీరిమ్ అందరి చేతులమీదా వెచ్చని నీళ్ళు పోసింది. పెద్ద పళ్ళెంలో ఆవిర్లు కక్కుతూ మాంసం వచ్చింది.

మా వైపు మాంసం ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకునేది కాదు. ప్రతి ఎముకకీ ఒక మనిషి ఉంటాడు. ఎవరి వయసు, ఎవరి వరస ఏమిటో చూసి ఇంటి యజమాని ఇస్తాడు. అన్నింటిలోకీ పెద్దది తుంటిముక్క. గొర్రెకి రెండే ఉంటాయి. అవి వచ్చిన అతిథుల్లో ముఖ్యమైనవాళ్ళకి. ఇంటి కోడలికి వేరే ముక్క అంటూ పెట్టరు. ఆమె వడ్డించి, అందరూ తిన్నాక గిన్నె దగ్గర కూర్చుని తనకి నచ్చింది తింటుంది. ఆ గిన్నె ఆమెది కనక.

సాతిబాల్ది మొదటి తుంటిముక్క తుర్దుబాయ్ తాత ముందు పెట్టాడు. తోకదగ్గరి ముక్క కాలిమాన్ అవ్వకి. రెండో తుంటిముక్క జుమాబెక్‌కి వస్తుందని అందరూ అనుకున్నారు. జుమాబెక్ కూడా అనుకున్నాడు, వద్దు వద్దని మొహమాటపడటానికి చెయ్యి సిద్ధంగా పెట్టుకున్నాడు.

అనార్‌కుల్ గుమ్మం పక్కనుంచి మొగుడి వైపు చూసింది. సాతిబాల్ది ముక్కని రెండు చేతులా ఎత్తి, తల వంచి, సోనున్ ముందు పెట్టాడు.

కాలిమాన్ అవ్వ నోట్లో రొట్టె ముక్క అట్లాగే ఉండిపోయింది. జుమాబెక్ చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. తుర్దుబాయ్ తాత గడ్డం సవరించుకుని, "ఈ అమ్మాయి దూరం వెళ్తున్నట్టుంది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

"పుట్టింటికి తాతా," అంది అనార్‌కుల్. "మా ఇంటికొచ్చిన మనిషిని గౌరవంగా పంపాలి కదా."

వచ్చిన మనిషి. ఏడేళ్ళు ఈ ఇంట్లో ఉన్నది కోడలు కాదు, వచ్చిన మనిషి. పదిమంది సాక్షుల ముందు, రెండు చేతులతో, తల వంచి చెప్పారు. కాదనడానికి లేదు. ముందు పెట్టిన ముక్కని తోసేస్తే పెట్టిన ఇంటిని అవమానించినట్టు. సోనున్ చాకు తీసుకుంది. కొసన చిన్న ముక్క కోసి నోట్లో పెట్టుకుంది. అదేం రుచిగా ఉందో ఆమెకి తెలియలేదు. ఎక్కడ ఏడుస్తానో అని పళ్ళెం వంకే చూస్తూ నమిలింది. అత్తగారి మోచెయ్యి తన మోచేతికి తగులుతోంది. ముసలామె తన ముందున్న ముక్కని ఇంతవరకూ ముట్టుకోలేదు.

తిన్నారు. తాత దీవించాడు, అందరూ అరచేతులు మొహానికి తుడుచుకున్నారు. అనార్‌కుల్ ప్లాస్టిక్ సంచులు తెచ్చి పంచింది. ఎవరి ముందు మిగిలిన మాంసం వాళ్ళు సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్తారు. దాన్ని మేం కెషిక్ అంటాం. సోనున్ ముక్కని అనార్‌కుల్ స్వయంగా సంచిలో వేసి, పైన నాలుగు రొట్టె ముక్కలు కూడా వేసి, ముడి వేసి చేతికిచ్చింది.

"నీ కెషిక్. దారిలో పారేసేవు, ఇంటికి చేర్చు."

కాలిమాన్ అవ్వ తన సంచి కట్టుకుంటూ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "మా పిల్లకాయలు గుమ్మంలోనే కాసుకుని ఉంటారు," అంది సోనున్‌తో, ఏదో ఒకటి మాట్లాడాలి కనక. "నన్ను కాదు, సంచిని చూస్తారు దొంగసచ్చినోళ్ళు. ఖాళీ చేతుల్తో పోతే లోపలికి రానిస్తారా!"

సోనున్ బయటికి నడిచింది. వాకిట్లో సన్నగా, గట్టిగా, గింజల్లాంటి మంచు రాలుతోంది. జుమాబెక్ కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. చెల్లెలి మొహం చూడలేక అద్దం మీది మంచు మోచేత్తో తుడుస్తున్నాడు.

"ఎక్కమ్మా. చీకటి పడేలోపు కనుమ దాటాలి. మీ వదినకి చెప్పాను. ధాన్యం పెట్టుకునే గది ఖాళీ చేయిస్తోంది."

ధాన్యం గదిలో పొయ్యి లేదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. సోనున్ ఎక్కలేదు. చేతిలో సంచి ఇంకా వెచ్చగా ఉంది.

"అన్నయ్యా, నీ కెషిక్ తీసుకున్నావా?"

"తీసుకున్నా. ఇదిగో, ముందు సీట్లో ఉంది."

"అది చాలుగా మీ పిల్లలకి."

"చాలుతుంది. ఎందుకు?"

"ఇది మా ఇంటికి," అంది సోనున్. కారు వెనక తలుపు తెరిచి తన మూట కిందికి లాగింది.

జుమాబెక్ అర్థం కాక చూశాడు. తర్వాత అర్థమై ఇంటి తలుపు వైపు చూశాడు. అతని మొహంలో ముందు భయం, తర్వాత సిగ్గు, ఆ వెనకాలే దాచుకోలేని ఊరట కనిపించాయి.

"రేపు మళ్ళీ నాకు ఫోన్ చేస్తారే."

"చేస్తే ఎత్తకు."

లోపల అనార్‌కుల్ భోజనాల గుడ్డ దులపడానికి మడుస్తోంది. సాతిబాల్ది పరుపుకి జారగిలబడి పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. బురుల్‌కాన్ కదలకుండా అక్కడే ఉంది. తలుపు తెరుచుకుని చలిగాలి వచ్చేసరికి ముగ్గురూ తలెత్తారు. సోనున్ గుమ్మంలో మూట దించింది. బూట్లు విప్పి, బయటినుంచి వచ్చినవాళ్ళు పెట్టేచోట వరసగా పెట్టింది. శాలువా తీసి మడతపెట్టి అనార్‌కుల్ పక్కన ఉంచింది. తిన్నగా అత్తగారి ముందుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని సంచి రెండు చేతులా చాపింది.

"అత్తయ్యా, విందుకెళ్ళాను. నీకు కెషిక్ తెచ్చాను."

ముసలామె తీసుకోకపోతే ఇంకెక్కడికీ వెళ్ళడానికి లేదు, కారు ఇంజన్ శబ్దం అప్పుడే వాకిలి దాటుతోంది.

"ఇదేం నాటకమే!" అంది అనార్‌కుల్. "ఏ విందు? మన గిన్నెలో మాంసం, మన పళ్ళెం, ఇందాక నా చేత్తో నేనే కట్టిచ్చాను!"

"నువ్వు అతిథికి కట్టిచ్చావక్కా. అతిథి ఇంటికెళ్ళింది."

సాతిబాల్ది పుల్ల నోట్లోంచి తీశాడు. ఏదో అనబోయి తల్లి వైపు చూశాడు. బురుల్‌కాన్ అతనివైపే చూస్తోంది. ఇరవయ్యేళ్ళకి వచ్చిన కొడుకు, బతికున్న ఒక్క కొడుకు. ఆ చూపులో ప్రేమ లేదని ఎవరూ అనలేరు. చూస్తూనే చెయ్యి చాపి సంచి అందుకుంది. ముడి వేళ్ళకి లొంగకపోతే పళ్ళతో లాగింది. తుంటిముక్క బయటికి తీసి ఒళ్ళో గుడ్డ మీద పెట్టుకుని చాకు కోసం చెయ్యి చాపింది.

ఎవరూ కదల్లేదు. సోనున్ ఇచ్చింది.

ముసలామె మొదటి ముక్క కోసి నోట్లో వేసుకుంది. అంతసేపూ విందులో ఏమీ ముట్టని మనిషి ఆకలిగా, చప్పుడు చేస్తూ నమిలింది. రెండో ముక్క కోసి కొడుక్కి చాపింది. సాతిబాల్ది రెండు చేతులా తీసుకుని తలొంచుకుని తిన్నాడు. మూడో ముక్క అనార్‌కుల్‌కి చాపింది.

"నాకొద్దత్తయ్యా. ఇందాకే కడుపునిండా తిన్నాను."

"తిను."

"చెప్పాను కదా, ఆకలి లేదని."

"ఆకలికి కాదు. ఇంట్లోకి వచ్చిన కెషిక్ ఇంట్లోవాళ్ళందరూ తినాలి. నువ్వు ఇంటిదానివా, కాదా?"

అనార్‌కుల్ మొహంలో రంగులు మారాయి. తినకపోతే తను ఇంటిది కాదు, తింటే తెచ్చిన సోనున్ కూడా ఇంటిదే, రెండూ ఆమెకి తెలుసు. మొగుడివైపు చూసింది. అతను తివాచీ మీది పువ్వుల్ని చూస్తున్నాడు. ముసలామె చెయ్యి చాపే ఉంది, వేళ్ళ మధ్యనుంచి కొవ్వు కారి మణికట్టు దాకా వచ్చింది.

అనార్‌కుల్ తీసుకుని నోట్లో పెట్టుకుంది. సోనున్ కళ్ళలోకి చూస్తూ, ప్రతి నమలుకీ దవడ బిగుస్తుండగా, కడదాకా నమిలి మింగింది. అయ్యాక లేచి మడిచిన భోజనాల గుడ్డ తీసుకుని బయట దులపడానికి వెళ్ళింది. తలుపు గట్టిగా వేసింది.

సోనున్ వెళ్ళి సమోవార్ పక్కన కూర్చుంది. అనార్‌కుల్ తిరిగివచ్చి, లేవమనడానికి నోరు తెరిచి, అనకుండా ఆమె పక్కనే ఇరుకులో చతికిలబడింది. ఇద్దరూ ఒకే సమోవార్‌కి చెరోవైపు, మోకాలికి మోకాలు తగులుతున్నా జరగకుండా కూర్చున్నారు. ఒకళ్ళనొకళ్ళు క్షమించుకున్నదేమీ లేదు, అంతకుముందు ఎంత అసహ్యముందో అంతా అలాగే ఉంది.

ఆదివారం రాత్రంతా మంచు కురిసి సోమవారం కనుమదారి మూసుకుపోయింది. నలుగురూ లోపలే ఉన్నారు.